దీపం తగ్గిస్తే తలనొప్పి

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం తీసుకుంటున్నాను. పేరు వెయ్యవద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు.

"డాక్టరుగారూ! మా పడకగదిలో గుండ్రంగా తిప్పే డిమ్మరు స్విచ్చి వుంది. ఇల్లు కట్టినప్పుడు మామగారు సరదాపడి పెట్టించారు. పసివాడు నిద్ర లేస్తాడని రాత్రిళ్ళు దీపం తగ్గించి పెట్టుకుంటాం. మొన్న సంక్రాంతికి పాత బల్బులు తీసేసి, కరెంటు ఆదా అవుతుందని ఎల్.ఇ.డి. బల్బులు పెట్టించాం. అప్పట్నించీ దీపం తగ్గిస్తే చాలు, మినుకు మినుకుమంటోంది. పావుగంట కూర్చునేసరికి నాకు కణతలు లాగేస్తున్నాయి. మా వారికి ఏమీ లేదు. అంతా నీ అనుమానం అంటారు. ఇది కళ్ళకు చెరుపు చేస్తుందా? మా అత్తగారు కూడా ఆ గదిలో బల్బు చుట్టూ రంగురంగుల వలయాలు కనిపిస్తున్నాయంటున్నారు. బల్బు నాసిరకం కాబోలు. మార్చమంటారా?"

ఈ ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. ఒకటి కోడలిది, ఒకటి అత్తగారిది. అత్తగారి సంగతి ఆవిడ చివర్న ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నన్ను కంగారు పెట్టింది మాత్రం ఆ ముక్కే. అంచేత పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగకుండా, ఉత్తరం అందిన రోజునే ఆమెకు విడిగా జాబు రాశాను. ఏం రాశానో తర్వాత చెబుతాను. ముందు కోడలి తలనొప్పి చూద్దాం.

అమ్మా, మీది అనుమానం కాదు. మీవారికి తలనొప్పి రాకపోవడం నిజమే, మీకు రావడమూ నిజమే. ఒకే పడవలో వెళ్ళే నలుగురిలో ఒకరికి కడుపులో తిప్పుతుంది, ముగ్గురికి ఏమీ కాదు. మిణుకుమనే దీపం కూడా అలాంటిదే. ముఖ్యంగా పార్శ్వపు నొప్పి వచ్చే తత్వం వున్నవాళ్ళు దీన్ని అసలు ఓర్చుకోలేరు.

ఇలాంటి కేసు ఒకటి నా దగ్గరకు వచ్చింది. ఆమె టీచరు. ముప్ఫై నాలుగేళ్ళు. మూడు నెలలుగా సాయంత్రం తలనొప్పి. అప్పటికే కళ్ళ పరీక్ష అయింది, కొత్త అద్దాలు వచ్చాయి, రక్తపోటు చూశారు, రక్తం పరీక్ష చేశారు, సైనస్ ఫోటో కూడా తీయించారు. అన్నీ బాగానే వున్నాయి, తలనొప్పి మాత్రం తగ్గలేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళ రోజుకొకటి మింగుతోంది.

"ఆదివారాలు వస్తుందా?" అని అడిగాను.

"వస్తుందండీ."

"బడి సెలవుల్లో?"

ఆమె కాస్త ఆలోచించి, "దసరాకి మా అమ్మగారింట్లో పది రోజులున్నాను. ఒక్కరోజు కూడా రాలేదు" అంది.

పక్కనే కూర్చున్న భర్త నవ్వి, "పుట్టింట్లో ఎవరికి తలనొప్పి వస్తుంది లెండి!" అన్నాడు. ఈ మాట మన ఇళ్ళల్లో వేళాకోళానికి అంటారు గానీ, డాక్టరుకి ఇదొక మంచి ఆధారం. ఈ ఇంట్లో వుండి ఆ ఇంట్లో లేనిది ఏమిటి? అత్తగారు అనుకుంటారు అందరూ. నేను అలా అనుకోను. "మూడు నెలల కిందట ఇంట్లో ఏం మారింది?" అని అడిగాను. రంగులు వేయించారు. బల్బులు మార్చారు. చంటిపిల్ల నిద్రపోయాక, ఆ గదిలోనే దీపం సగానికి తగ్గించి, ఈమె గంటసేపు పరీక్ష పేపర్లు దిద్దుతుంది. గదిలో పాత డిమ్మరు, దాని మీద కొత్త ఎల్.ఇ.డి. బల్బు. నేను రాసిచ్చిన మందు ఒక్కటే: వారం రోజులు ఆ దీపం జోలికి వెళ్ళకండి, పేపర్లు ముందు గదిలో ట్యూబులైటు కింద దిద్దండి. పదో రోజున వచ్చి, రెండే రెండు సార్లు వచ్చిందని చెప్పింది. ఆ మిగిలిన రెండూ ఎక్కడివి అంటారా? రోజూ బిళ్ళలు మింగే అలవాటు కూడా తలనొప్పిని తెస్తుంది. నెలలో పదిహేను రోజులు, అంతకు మించి తలనొప్పి మాత్రలు వేసుకుంటూ కొన్ని నెలలు గడిపితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పికి కారణమవుతాయి. అది మానడానికి కొంత టైము పట్టింది.

ఇంతకీ ఒకే డిమ్మరు మీద పాత బల్బు హాయిగా వెలిగి, కొత్త బల్బు ఎందుకు మిణుకుతుంది? నేను ఎలక్ట్రీషియన్ను కాను గానీ, ఈ కేసు తర్వాత తెలుసుకోక తప్పలేదు.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు ఒకే ధారగా రాదు. అలలు అలలుగా వస్తుంది. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కీ ఊగుతుంది. అంటే సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుందన్నమాట. పాత బల్బులో వుండేది సన్నటి తీగ. అది కాలి ఎర్రబడి వెలుగిస్తుంది. పొయ్యి మీంచి దించిన అట్లపెనం వెంటనే చల్లారదు కదా! అలాగే కరెంటు ఒక క్షణం తగ్గినా తీగలో వేడి వుంటుంది, వెలుగు పెద్దగా తగ్గదు. ఎల్.ఇ.డి.కి ఆ వేడి ఆసరా లేదు. కరెంటు వుంటే వెలుగు, లేకపోతే చీకటి. అంచేత ఈ ఊగిసలాటను సరిచేయడానికి బల్బు మెడలో చిన్న యంత్రాంగం పెడతారు. మంచి బల్బుల్లో అది బాగా పనిచేస్తుంది, చవకరకం వాటిలో అంతంతమాత్రం.

ఇక డిమ్మరు. తిప్పినకొద్దీ కరెంటు సన్నబడుతుందని మనం అనుకుంటాం, కుళాయి తిప్పితే నీళ్ళ ధార సన్నబడినట్లు. మన గోడల్లో వుండే మామూలు డిమ్మరు అలా పనిచేయదు. అది ప్రతి అలలోనూ కొంత ముక్క కోసేసి మిగిలింది పంపుతుంది. సెకనుకు 100 సార్లు తలుపు ఆలస్యంగా తెరుస్తుంది. ఆ తలుపుకి స్ప్రింగు వుందనుకోండి. లావుపాటి మనిషి ఆనుకుని నిలబడితే తెరిచే వుంటుంది. చిన్నపిల్లాడు నిలబడితే వాణ్ణి నెట్టి మూసుకుపోతుంది. 60 వాట్ల పాత బల్బు ఆ లావుపాటి మనిషి. 9 వాట్ల ఎల్.ఇ.డి. చిన్నపిల్లాడు. తలుపు తెరుచుకుంటూ, కొట్టుకుంటూ వుంటుంది. దాన్నే మీరు మినుకు మినుకు అంటున్నారు. ఒక్కోసారి సన్నగా జుమ్మని శబ్దం కూడా వస్తుంది. బల్బు మెడ వేడెక్కి, పదేళ్ళు రావలసినది పది నెలలకే పోతుంది.

కంటికి కనిపించే మిణుకే చెరుపు, కనిపించకపోతే ఫరవాలేదు అనుకోకండి. కన్ను పట్టుకోలేనంత వేగంగా దీపం మిణుకుతున్నా, కంటి లోపలి పొరకూ మెదడుకూ అది తెలుస్తుంది. 1989లో బ్రిటన్లో విల్కిన్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు కలిసి ఆఫీసు గుమాస్తాల మీద ఒక పరిశోధన ప్రకటించారు. పాత చోకులతో సెకనుకు 100 సార్లు మిణికే ట్యూబులైట్లను, మిణుకు తెలియనంత వేగంగా పనిచేసే కొత్తరకం చోకులతో మార్చి చూశారు. ఏ దీపం వెలుగుతోందో గుమాస్తాలకు చెప్పలేదు. కొత్త చోకుల కింద తలనొప్పులు, కళ్ళ లాగుడు సగానికి పైగా తగ్గాయి. తర్వాత ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాక, 2015లో అమెరికా ఇంజనీర్ల సంఘం ఐ.ఇ.ఇ.ఇ. ఈ మిణుకు ఎంతవరకు వుండవచ్చో హద్దులు సూచించింది. అంటే ఇది ఆడవాళ్ళ అనుమానం కాదు, ఇంజనీర్లు కూడా కూర్చుని లెక్కలు వేసిన విషయం. ఈ వాక్యం మీవారికి చదివి వినిపించండి.

అయితే ఇది కళ్ళను పాడుచేస్తుందా అన్నారు. చెయ్యదు. తలనొప్పి, కళ్ళ మంట, అక్షరాలు కదిలినట్లుండటం, చిరాకు, ఇవి వస్తాయి, దీపం మార్చితే పోతాయి. చూపు తగ్గదు. తక్కువ వెలుతురులో చదివితే కళ్ళు పోతాయని పెద్దవాళ్ళు అనేది కూడా నిజం కాదు. కళ్ళు అలసిపోతాయి, అంతే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇంట్లో మూర్ఛ వ్యాధి వున్న పిల్లలుంటే, కంటికి కనిపించేలా కొట్టుకునే దీపాన్ని ఒక్కరోజు కూడా వుంచకండి. మూర్ఛ వున్న అందరికీ కాదు, కొద్దిమందికే మిణుకు వెలుతురు వల్ల మూర్ఛ వస్తుంది. ఆ కొద్దిమందిలో మీ బిడ్డ వున్నదీ లేనిదీ బల్బుతో పరీక్ష చేసి తెలుసుకోవలసిన పని లేదు.

మీ దీపం మిణుకుతోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. రాత్రి ఆ ఒక్క దీపమే వుంచి, డిమ్మరుని సగానికి తిప్పి, ఒక పెన్సిలు చేత్తో పట్టుకుని విసనకర్రలాగా గబగబా ఊపండి. పెన్సిలు మసకగా, ఒకే పొరలాగా కనిపిస్తే మంచిదే. పది పెన్సిళ్ళు విడివిడిగా వరసగా నిలబడ్డట్లు కనిపిస్తే దీపం మిణుకుతోందని అర్థం. చేతిలో ఫోను వున్నవాళ్ళు కెమెరా తెరిచి దీపం వైపు పెడితే నల్లటి చారలు కదలడం చూడవచ్చు. కానీ కొన్ని ఫోన్లు ఆ చారల్ని తామే చెరిపేస్తాయి. నాకు పెన్సిలు మీదే నమ్మకం.

ఇప్పుడు చెయ్యవలసింది. అన్నిటికన్నా తేలికైనది, నేను అందరికీ చెప్పేది ఏమిటంటే, డిమ్మరు తీయించి మామూలు స్విచ్చి పెట్టించండి. రాత్రికి వేరే హోల్డరులో అర వాటు పసుపు రంగు జీరో బల్బు పెట్టుకోండి. పెద్ద దీపాన్ని బలవంతంగా చిన్నది చెయ్యడం కన్నా చిన్న దీపం వేరే వుండటం నయం. ఖర్చూ తక్కువే.

అలా కాదు, డిమ్మరు వుండి తీరాలంటే, బల్బు కొనేటప్పుడు డబ్బా మీద 'డిమ్మబుల్' అని వుందో లేదో చూడండి. మామూలు ఎల్.ఇ.డి. బల్బుల మీద చాలావాటికి, డిమ్మరుకి పనికిరాదని చిన్న అక్షరాల్లో రాసే వుంటుంది. మనం చదవం. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచారు. ఆ పథకంలో ఇళ్ళకు వచ్చిన బల్బులు మామూలు స్విచ్చికి తయారైనవే. వాటిని డిమ్మరు మీద పెట్టి నాసిరకమని తిట్టడం న్యాయం కాదు. ఇక డిమ్మబుల్ బల్బు తెచ్చినా పాత డిమ్మరుతో పొత్తు కుదరకపోవచ్చు. కనుక అరడజను ఒకేసారి కొనకండి. ఒక్కటి తెచ్చి, పెన్సిలు పరీక్ష చేసి, కుదిరితేనే మిగిలినవి కొనండి. కుదరకపోతే ఎల్.ఇ.డి. కోసం తయారైన డిమ్మరు వేయించాలి. ఫ్యాను రెగ్యులేటరుకి దీపం తగిలించేవాళ్ళను కూడా చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

చుట్టలు తిరిగిన సి.ఎఫ్.ఎల్. బల్బులు ఇంకా కొన్ని ఇళ్ళల్లో వున్నాయి. వాటిని డిమ్మరు మీద అసలు పెట్టకూడదు, వేడెక్కి మాడతాయి. వాటిలో కొద్దిగా పాదరసం వుంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటకు పంపి, పావుగంట ఆగి, చీపురుతో చిమ్మకుండా అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో తుడిచి, మూతవున్న సీసాలో వెయ్యండి.

మరో మాట. స్విచ్చి ఆపేసినా ఎల్.ఇ.డి. బల్బు మసకగా వెలుగుతూనే వుందని కొందరు రాస్తుంటారు. డిమ్మరులోంచో, స్విచ్చిలో వుండే చిన్న ఎర్ర దీపంలోంచో కొద్దిపాటి కరెంటు కారడం వల్ల అలా కావచ్చు. కానీ పాత ఇళ్ళల్లో ఇంకో కారణం వుంటుంది. స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగకు కలిపి వుంటారు. అప్పుడు స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు వుంటుంది. బల్బు మార్చబోయి చెయ్యి పెడితే షాకు కొడుతుంది. అలా వెలిగే బల్బు ఇంట్లో వుంటే ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించండి. ఈలోగా బల్బు ముట్టుకోవలసి వస్తే మెయిన్ ఆపి ముట్టుకోండి.

దీపం రంగు సంగతి అడగలేదు గానీ చెబుతాను. మనవాళ్ళకు తెల్లగా, పాలలాంటి వెలుతురు ఇష్టం. వంటింటికి అది బాగానే వుంటుంది. పడకగదిలో నిద్రకు ముందు ఆ తెలుపు మంచిది కాదు. అందులో నీలం పాలు ఎక్కువ. నీలం వెలుతురు పడితే, రాత్రయిందని శరీరానికి చెప్పే మెలటోనిన్ అనే రసం తగ్గుతుంది, నిద్ర వెనక్కి పోతుంది. పాత బల్బుని తగ్గిస్తే ఎర్రబడేది. ఎల్.ఇ.డి. అలా ఎర్రబడదు, తగ్గించినా తెల్లగానే వుంటుంది. అంచేత డబ్బా మీద 6500 అని వున్నది కాకుండా 2700, లేదా 3000 అని వున్నది పడకగదికి తెచ్చుకోండి.

పొదుపు పేరుతో మరుగుదొడ్డి దారిలో మాత్రం దీపం తగ్గించకండి. అరవై ఏళ్ళ కంటి లోపలి పొరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ కంటికి చేరేదాంట్లో దాదాపు మూడో వంతే. మీకు చాలిన వెలుతురు మామగారికి చాలదు. రాత్రి లేచి గడప తట్టుకుని పడి, తుంటి ఎముక విరిగి వచ్చే ముసలివాళ్ళను చూసినప్పుడల్లా, పదిరూపాయల కరెంటు కోసం కదా అనిపిస్తుంది. అలాగని మొహం మీద పెద్ద దీపం వెయ్యవలసిన అవసరమూ లేదు. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా, నేలకు దగ్గరగా ఒక చిన్న పసుపు దీపం చాలు.

ఇక అత్తగారి సంగతి. దీపం మిణికితే వలయాలు కనిపించవు. రంగుల వలయాలు బల్బు తయారుచెయ్యదు, కన్ను తయారుచేస్తుంది. శుక్లాలున్నా దీపం చుట్టూ వెలుతురు చెదిరినట్లు కనిపించవచ్చు. కానీ ఇంద్రధనుస్సులాగా రంగులతో వలయం కనిపించడం, అదీ సాయంత్రం పూట, వెలుతురు తగ్గించిన గదిలో కనిపించడం, నీటికాసులకు ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. మసక వెలుతురులో కంటిపాప పెద్దదవుతుంది. కొందరి కళ్ళల్లో, ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్ళలో, కంట్లో నీరు బయటకు పోయే దారి పుట్టుకతోనే ఇరుకు. పాప పెద్దదైనప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. కంట్లో వత్తిడి పెరుగుతుంది. నల్లగుడ్డు మీద పొర ఉబ్బి, దీపం చుట్టూ రంగులు కనిపిస్తాయి. కనుబొమ మీద నొప్పి వస్తుంది. నిద్రపోతే పాప చిన్నదై, దారి తెరుచుకుని తెల్లారేసరికి తగ్గిపోతుంది. తగ్గిపోయింది కదా అని ఎవరూ పట్టించుకోరు.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్దావిడ విషయంలో ఇదే జరిగింది. దీపం చుట్టూ రంగులంటే కొడుకు రెండుసార్లు బల్బు మార్చాడు. ఒక రాత్రి ఒక పక్క తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. పైత్యం చేసిందనుకుని జీలకర్ర కషాయం ఇచ్చారు, మర్నాడు వాంతులకు మందు వేశారు. మూడో రోజున నా దగ్గరకు తెచ్చేసరికి కన్ను ఎర్రగా, మూసిన రెప్ప మీద వేలితో తాకితే గోళీలాగా గట్టిగా వుంది. అప్పటికప్పుడు కంటి ఆసుపత్రికి పంపాను. నొప్పి తగ్గింది. ఆ కంటి చూపు తిరిగి రాలేదు. మొదటిసారి రంగులు కనిపించినప్పుడే వస్తే, లేజరుతో నల్లగుడ్డులో చిన్న రంధ్రం చేసి నీటికి దారి ఇచ్చి పంపేవాళ్ళు. ఆస్పత్రిలో పడుకోవలసిన పని కూడా వుండదు.

తెనాలి సోదరికి విడిగా నేను రాసింది ఇదే. బల్బు సంగతి తర్వాత, అత్తగారిని ఈ రోజే కంటి డాక్టరుకి చూపించండి, కంటి వత్తిడి చూడమని, రంగుల వలయాల మాట మరచిపోకుండా చెప్పండి. చూపించే దాకా ఆ గదిలో దీపం తగ్గించవద్దు. నొప్పి, వాంతులు, కన్ను ఎర్రబడటం వస్తే అర్ధరాత్రయినా సరే బయలుదేరండి.

కోడలికి కూడా ఒక మాట. వారం రోజులు డిమ్మరుని పూర్తిగా తిప్పి వుంచండి, లేదా ఆ దీపం మానెయ్యండి. తలనొప్పి ఏ రోజు ఎన్ని గంటలకు వచ్చిందో క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. వారం తర్వాత కూడా అలాగే వుంటే దోషం దీపానిది కాదు, మీ డాక్టరుగారికి చూపించండి. హఠాత్తుగా ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు అయినా వారం ఆగవద్దు.

ఈ ఆదివారం వరకు వచ్చిన మరో రెండు ఉత్తరాలు కూడా ఫ్యాను రెగ్యులేటరుకి ఎల్.ఇ.డి. బల్బు పెట్టవచ్చా అనే అడిగాయి. పెట్టకూడదు.